చేతులు కొంకర్లు పోతుంటే గుండె ఎందుకు సడలింది? కాల్షియం లోపంతో వచ్చిన హార్ట్ ఫెయిల్యూర్ – ఒక కేస్ స్టడీ

ఇది ఒక్క రోగి కథ కాదు. థైరాయిడ్ ఆపరేషన్ జరిగిన ఏళ్ల తర్వాత గుండె బలహీనపడి వచ్చేవాళ్లలో కనిపించే లక్షణాలను, అంకెలను బోధన కోసం ఒకే కేసుగా కూర్చి రాసింది. గుండె కండరాన్ని కాల్షియం ఎలా నడుపుతుందో పాఠంగా చెప్పడం కన్నా, అది తగ్గినప్పుడు మంచం మీద ఏం కనిపిస్తుందో చూపిస్తే తొందరగా అర్థమవుతుంది.

వచ్చినప్పటి పరిస్థితి

41 ఏళ్ల మహిళ, బరువు 52 కిలోలు. మూడు వారాలుగా ఆయాసం, పాదాల వాపు. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారు. తొమ్మిదేళ్ల కిందట గాయిటర్‌కి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. అప్పటి నుంచి థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ 100 మైక్రోగ్రాములు, అదీ మధ్యమధ్యలో మానేస్తూ. కాల్షియం మాత్రలు మొదటి కొన్ని నెలలే వాడారు. నాలుగేళ్లుగా ఫిట్స్‌కి ఫెనిటోయిన్, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రగా పాంటోప్రజోల్, ఎవరైనా రాసినప్పుడల్లా విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లం. మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతివేళ్లు కొంకర్లు పోవడం ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నారు. అడక్కపోతే ఎవరూ చెప్పరు, నీరసం కింద జమకట్టేసుకుంటారు.

బీపీ 92/60, నాడి 108, శ్వాస నిమిషానికి 28, మామూలు గాలి పీలుస్తుంటే ఆక్సిజన్ 91 శాతం. మెడ సిర ఉబ్బి ఉంది, మూడో గుండె చప్పుడు వినిపిస్తోంది, ఊపిరితిత్తుల కింది భాగాల్లో రెండువైపులా క్రెప్స్ (నీరు చేరినప్పుడు వినిపించే చిటపట శబ్దాలు) ఉన్నాయి. మెడ మీద అడ్డంగా పాత కుట్ల మచ్చ. ఈ కేసులో అన్నిటికంటే విలువైన గుర్తు ఆ మచ్చే. చీర కొంగో చున్నీయో తీసి మెడ చూడకపోతే అది దొరకదు.

ఎకో (గుండె స్కానింగ్)లో ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) ఉబ్బి 62 మిల్లీమీటర్లకు చేరింది, గోడలన్నీ సమానంగా మందగించాయి, ఈఎఫ్ (ఒక్కో స్పందనకి జఠరిక బయటికి నెట్టే రక్తం వాటా) 24 శాతం, మైట్రల్ వాల్వ్ నుంచి ఓ మోస్తరు లీకు. కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే సీకే 1,140 ఉంది కానీ, గుండె కండరం దెబ్బని చూపే ట్రోపోనిన్ ఐ హద్దు లోపలే ఉంది. కాల్షియం బాగా తగ్గితే ఒంటి కండరాల నుంచి సీకే కారడం తెలిసిందే. ఆ ఒక్క అంకె చూసి గుండెపోటు అనేస్తే దారి తప్పినట్టే.

మొదటి 24 గంటలు మామూలు హార్ట్ ఫెయిల్యూర్ వైద్యమే జరిగింది. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసమైడ్ 40 మి.గ్రా. రెండు పూటలా సిరలోకి ఇచ్చి, గుండె బలం పెంచే డోబుటమిన్ నిమిషానికి కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున పెట్టారు. మూత్రం కొద్దిగానే వచ్చింది, బీపీ 94 దాటలేదు. డోబుటమిన్‌కి గుండె ఇంత మొండిగా ఉంటే డోసు పెంచే ముందు ఈసీజీ మళ్లీ ఒకసారి చూడాలి.

ఈసీజీలో దాగి ఉన్న జవాబు

గుండె వేగం 104, క్యూటీ (క్యూఆర్‌ఎస్ అనే పెద్ద తరంగం మొదలు నుంచి టీ అనే తరంగం ముగిసేదాకా పట్టే సమయం) 440 మిల్లీసెకన్లు. గుండె వేగాన్ని బట్టి బాజెట్ లెక్కన సవరిస్తే సుమారు 579, ఫ్రిడెరీషియా లెక్కన 528. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు బాజెట్ లెక్క ఎక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి రెండోదే నమ్మదగ్గది. ఏ లెక్కన చూసినా పొడవే.

అయితే క్యూటీ ఎంత పొడవు అన్నది సగం ప్రశ్నే. ఆ పొడవు ఎక్కడ ఉందో చూడాలి. ఈమెకు టీ తరంగం మామూలు వెడల్పుతోనే ఉంది, సాగిందంతా ఆ రెండు తరంగాల మధ్య ఉండే ఎస్‌టీ భాగమే. క్యూఆర్‌ఎస్ అయ్యాక గీత బల్లపరుపుగా చాలా దూరం నడిచి, చివర్లో చక్కటి టీ వస్తుంది. పొటాషియం తగ్గితే ఇలా ఉండదు, టీ చదునై పక్కన యూ తరంగం లేస్తుంది. మందుల వల్ల సాగిన క్యూటీలో చాలాసార్లు టీ తరంగమే వెడల్పవుతుంది లేదా వంకర తిరుగుతుంది. ఎస్‌టీ మాత్రమే సాగి టీ మామూలుగా ఉంటే, కాల్షియం రిపోర్టు వచ్చేదాకా అది కాల్షియం లోపమే అనుకుని నడవొచ్చు.

కారణం కణం దగ్గర ఉంది. గుండె కణం విద్యుత్ స్పందనలో ఓ పీఠభూమి దశ ఉంటుంది. ఆ దశలో ఎల్-టైప్ కాల్షియం ఛానల్ తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. అలా వచ్చిన కాల్షియమే కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని అదే ఛానల్‌ని మూయిస్తుంది. బయట కాల్షియం తక్కువైతే లోపలికి వచ్చేదీ తక్కువే, మూసే సంకేతం ఆలస్యమవుతుంది, పీఠభూమి సాగుతుంది. ఈసీజీలో ఆ పీఠభూమి కనిపించేది ఎస్‌టీగానే.

ఒకే లోపం, రెండు కండరాల్లో రెండు ఫలితాలు

ఈ కేసు చూసినవాళ్లకు రావాల్సిన ప్రశ్న ఇది. కాల్షియం తగ్గితే చేతి కండరం బిగుసుకుపోతోంది, గుండె కండరం సడలిపోతోంది. రెండింటిలోనూ ముడుచుకునే ప్రొటీన్లు ఆక్టిన్, మయోసిన్ ఉన్నాయి, రెండింటినీ కాల్షియమే నడుపుతుంది. మరి తేడా ఎక్కడ?

తేడా కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తుందన్న దాంట్లో ఉంది. చేతి కండరంలో పొర మీది ఛానల్, లోపలి గోదాం తలుపు అయిన రయనోడిన్ రిసెప్టర్ ఒకదాన్నొకటి నేరుగా తాకుతూ ఉంటాయి. కరెంటు రాగానే పైది కదిలి కిందిదాన్ని తెరుస్తుంది. బయటి నుంచి కాల్షియం రావాల్సిన పని లేదు, సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే గోదాంలో ఉన్నదే చాలు. కాబట్టి రక్తంలో కాల్షియం సగమైనా ఆ కండరం బలంగానే ముడుచుకుంటుంది. పైగా రక్తంలో కాల్షియం తగ్గితే నరాల సోడియం ఛానళ్లు తేలిగ్గా తెరుచుకుంటాయి, నరం తనంత తానే కాలుతుంది. కొంకర్లకు మూలం ఆ నరమే. కండరం దాని ఆజ్ఞ పాటిస్తోంది అంతే.

గుండెలో ఆ నేరు సంబంధం లేదు. టీ-ట్యూబ్యూల్ (కణం పైపొర లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి గొట్టం) పొరకీ గోదాం పొరకీ మధ్య సుమారు 12 నుంచి 15 నానోమీటర్ల సందు ఉంది. ఎల్-టైప్ ఛానల్ గుండా వచ్చిన కొద్దిపాటి కాల్షియం ఆ సందు దాటి రయనోడిన్ రిసెప్టర్‌కి తగిలితేనే గోదాం తెరుచుకుని అసలు కాల్షియం బయటపడుతుంది. కాల్షియమే కాల్షియాన్ని విడిపించే ఈ పద్ధతిని అలెగ్జాండర్ ఫాబియాటో గుండె కణాల మీద 1970లు, 80లలో తేల్చారు. ఒక్కో గుంపు రిసెప్టర్లు తెరుచుకున్నప్పుడు వచ్చే కాల్షియం మెరుపుని 1993లో సూక్ష్మదర్శిని కింద చూశారు, దానికి కాల్షియం స్పార్క్ అని పేరు పెట్టారు. ఒక్కో స్పందనలో ఇలాంటి వేల మెరుపులు ఒకేసారి వెలుగుతాయి.

అందుకే బయటి కాల్షియం లేకపోతే గుండె ఆగిపోతుంది. సిడ్నీ రింగర్ 1880ల మొదట్లో లండన్‌లో కప్ప గుండెతో దీన్ని గమనించారు. ద్రావణాన్ని కుళాయి నీళ్లతో కలిపితే గుండె కొట్టుకుంది, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే కొట్టుకోలేదు. తేడా ఆ కుళాయి నీళ్లలోని కాల్షియమే అని 1883లో రాశారు. వార్డుల్లో వేలాడే రింగర్ లాక్టేట్ సీసాకి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఆ సీసాలో ఉండే కాల్షియం మాత్రం చాలా తక్కువ. ఇలాంటి రోగికి అది వైద్యం కాదు.

విద్యార్థులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. బయట విడి కాల్షియం 1.2 మిల్లీమోల్, కణం లోపల విశ్రాంతిలో 0.1 మైక్రోమోల్, అంటే 12,000 రెట్ల తేడా. బయటిది 0.6కి పడిపోయినా ఇంకా 6,000 రెట్లు ఉంది కదా, దానికే గుండె పడిపోవాలా? అభ్యంతరం సబబే. లోపలి, బయటి గాఢతల నుంచి వోల్టేజి తేల్చే నెర్న్‌స్ట్ లెక్కన కాల్షియం సమతుల్య వోల్టేజి తగ్గేది సుమారు 9 మిల్లీవోల్టులే. దెబ్బ వేరేచోట తగులుతుంది. మొదటిది, ఛానల్ గుండా వచ్చే ప్రవాహం బయటి గాఢతను బట్టి తగ్గుతుంది, కాబట్టి గోదాం తలుపు తట్టే సంకేతమే చిన్నదవుతుంది. రెండోది, మూడు సోడియంలను లోపలికి తెచ్చి ఒక కాల్షియాన్ని బయటికి పంపే ఎక్స్ఛేంజర్ దిశ మారే వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పైకి జరుగుతుంది, అంటే కాల్షియాన్ని బయటికి నెట్టడం దానికి తేలికవుతుంది. ప్రతి స్పందనకీ రాబడి కాస్త తగ్గి, పోకడ కాస్త పెరుగుతుంది. కొన్ని స్పందనల్లోనే గోదాం నిల్వ దిగిపోతుంది. నిల్వ కొంచెం తగ్గినా విడుదలయ్యేది చాలా ఎక్కువగా తగ్గుతుంది, ఆ రెండింటి మధ్య సంబంధం సరళరేఖ కాదు.

మూడోది ట్రోపోనిన్ సి అనే ప్రొటీన్ దగ్గర. గుండె ట్రోపోనిన్ సిలో సంకోచాన్ని తెరిచే కాల్షియం చోటు ఒక్కటే ఉంది. అక్కడ కాల్షియం కూర్చుంటే, ఆక్టిన్‌ని కప్పి ఉంచే ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి, మయోసిన్ తలలు ఆక్టిన్‌ని పట్టుకుంటాయి. కణంలో కాల్షియం విశ్రాంతిలోని 0.1 నుంచి స్పందన శిఖరంలో 0.6, 1 మైక్రోమోల్ మధ్యకు చేరుతుంది. సగం బలం వచ్చేదీ దాదాపు 0.6 దగ్గరే. అంటే ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా బలం–కాల్షియం వక్రరేఖలో నిటారుగా ఉన్న చోటే పనిచేస్తూ ఉంటుంది. అడ్రినలిన్ రాగానే బలం పెంచుకోగలగడానికి అదే కారణం, కాల్షియం కాస్త తగ్గగానే బలం బాగా పడిపోవడానికీ అదే కారణం. చేతి కండరం పూర్తి బలం దగ్గర పనిచేస్తుంది, దానికి ఈ ఇబ్బంది లేదు. (గుండెపోటు పరీక్షల్లో ట్రోపోనిన్ టి, ఐ మాత్రమే కొలుస్తారు. గుండెలో ఉండే ట్రోపోనిన్ సి ఒంట్లోని నెమ్మది కండరాల్లోనూ ఉంటుంది, అందుకే అది పరీక్షకి పనికిరాదు.)

డోబుటమిన్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తేలుతుంది. అది బీటా రిసెప్టర్ ద్వారా సైక్లిక్ ఏఎంపీని పెంచి, ఎల్-టైప్ ఛానల్ ఎక్కువగా తెరుచుకునేలా చేస్తుంది. ఫాస్ఫోలాంబాన్ అనే కళ్లెం విప్పి, గోదాం నింపే సెర్కా పంపుని వేగవంతం చేస్తుంది. రెండు పనులూ ఉన్న కాల్షియాన్ని తిప్పడమే. మోటారు ఎంత పెద్దదైనా బావిలో నీళ్లు లేకపోతే పైపులో వచ్చేది గాలే.

రక్తపరీక్షలు, వాటిలో ఉచ్చులు

మొత్తం కాల్షియం 5.1 మి.గ్రా./డె.లీ., రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రొటీన్ అల్బుమిన్ 3.3. సవరింపు లెక్క: 4 నుంచి అల్బుమిన్ తీసేసి, 0.8తో గుణించి, కాల్షియానికి కలపాలి. 5.1 + 0.56 = 5.66. విడిగా కొలిచిన అయనైజ్డ్ కాల్షియం (ప్రొటీన్‌కి అతుక్కోకుండా స్వేచ్ఛగా తిరిగేది) 0.62 మిల్లీమోల్/లీ. (మామూలుగా 1.1 నుంచి 1.3). ఫాస్ఫరస్ 7.4, మెగ్నీషియం 1.2, పొటాషియం 3.6, క్రియాటినిన్ 0.9, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్) 4 పి.గ్రా./మి.లీ., టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగేది) 9.8.

కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, కిడ్నీలు బాగున్నాయి, పీటీహెచ్ అడుగంటింది. ఇది పీటీహెచ్‌ని తయారుచేసే, థైరాయిడ్ వెనక అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథుల లోపం. థైరాయిడ్‌తో పాటు ఆ గ్రంథులు పోవడమో, వాటి రక్తప్రసరణ దెబ్బతినడమో జరిగింది. కేవలం విటమిన్ డి లోపమే అయితే ఫాస్ఫరస్ తక్కువగా, పీటీహెచ్ ఎక్కువగా ఉంటుంది. ఫాస్ఫరస్ అడక్కుండా కాల్షియం ఒక్కటే రాస్తే ఈ తేడా దొరకదు. ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఇచ్చింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సెర్కా పంపు రెండు కాల్షియంలను గోదాంలోకి ఎక్కించడానికి ఖర్చు పెట్టే కణ ఇంధనం ఏటీపీని 1929లో వేరుచేసినవాళ్లలోనూ ఆ ఇద్దరున్నారు.

ఈ అంకెల్ని నమ్మే ముందు మూడు విషయాలు సరిచూడాలి. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ కాస్త కలిసినా కాల్షియం అబద్ధపు లోపం చూపిస్తుంది. అప్పుడు పొటాషియం కూడా విపరీతంగా పెరిగి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పడిపోయి కనిపిస్తుంది. ఈమెకు పొటాషియం 3.6 ఉంది కాబట్టి ఆ అనుమానం లేదు. అయనైజ్డ్ కాల్షియం తీసే సిరంజిలో ద్రవ హెపారిన్ మిగిలిపోతే అదే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, పొడి హెపారిన్ సిరంజి వాడాలి లేదా ద్రవాన్ని పూర్తిగా చిమ్మేయాలి. మూడోది పీహెచ్. ఆయాసంతో గబగబా ఊపిరి తీసేవాళ్లకు రక్తం క్షారమై, మొత్తం కాల్షియం మారకపోయినా అయనైజ్డ్ తగ్గుతుంది. అందుకే ఇలాంటి రోగికి సవరింపు లెక్క మీద ఆధారపడకుండా అయనైజ్డ్‌నే కొలిపించాలి.

ట్రూసో పరీక్షకి బీపీ కఫ్‌ని సిస్టోలిక్ కంటే 20 ఎక్కువకి ఎక్కించి మూడు నిమిషాలు ఉంచితే చెయ్యి బిగుసుకుంది. చెంప మీద తట్టే క్వోస్టెక్ పరీక్ష ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది, దానికి అంత బరువు ఇవ్వనక్కర్లేదు. మెదడు సీటీలో బేసల్ గాంగ్లియా అనే లోపలి భాగంలో రెండువైపులా సున్నం పేరుకుంది. ఆ ఫిట్స్ మొదటి నుంచీ కాల్షియం లోపానివే అయి ఉండాలి. వాటికి ఇచ్చిన ఫెనిటోయిన్ లివర్‌లో విటమిన్ డిని ఇంకా వేగంగా విరగ్గొడుతూ వచ్చింది. పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే పేగు నుంచి మెగ్నీషియం సరిగా ఎక్కదు. మెగ్నీషియం తగ్గితే పీటీహెచ్ ఊరదు, ఊరినా పనిచేయదు. ఫ్యూరోసమైడ్ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ మూత్రంలోకి తోసేస్తుంది. ఆమె చేతిలో ఉన్న మందుల చీటీలో సగం ఈ లోపాన్ని పెంచేవే.

వైద్యం: లెక్కలతో సహా

10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో గ్లూకోనేట్ లవణం 1 గ్రాము, అసలు కాల్షియం 93 మి.గ్రా. అదే 10 మి.లీ. కాల్షియం క్లోరైడ్‌లో 272 మి.గ్రా. దాదాపు మూడు రెట్లు. "కాల్షియం ఒక ఆంప్యూల్" అని నోటిమాటగా చెప్పడం, రాయడం ఇందుకే ప్రమాదం. క్లోరైడ్ చేతి సిర నుంచి బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది. గుండె ఆగితే తప్ప ఇలాంటి కేసులో గ్లూకోనేటే మేలు.

మొదట గ్లూకోనేట్ 2 గ్రాములు 100 మి.లీ. 5 శాతం డెక్స్ట్రోజ్‌లో కలిపి 20 నిమిషాల్లో, మానిటర్ మీద కన్నేసి ఎక్కించారు. నాడి పడిపోతే ఆపేయాలి. ఆ వెంటనే మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు (50 శాతం, 2 మి.లీ. ఆంప్యూళ్లు రెండు) పలచన చేసి 20 నిమిషాల్లో ఇచ్చారు. ఇలా ఒక్కసారిగా ఇచ్చే బోలస్ ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది. అసలు పని డ్రిప్పుది.

పుస్తకంలోని మామూలు డ్రిప్పు 110 మి.లీ. గ్లూకోనేట్‌ని లీటరు చేయడం, అంటే మి.లీ.కి సుమారు 1 మి.గ్రా. అసలు కాల్షియం. గంటకి కిలోకి 1 మి.గ్రా. చొప్పున 52 కిలోలకి గంటకి 52 మి.లీ., రోజుకి 1,250 మి.లీ. అవుతుంది. ఊపిరితిత్తుల్లో నీరున్న మనిషికి అంత ద్రవం పోయలేం. కాబట్టి సెంట్రల్ లైన్ (గుండెకి దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం) వేసి, 100 మి.లీ. గ్లూకోనేట్‌ని 100 మి.లీ. డెక్స్ట్రోజ్‌తో కలిపారు. 200 మి.లీ.లో 930 మి.గ్రా., మి.లీ.కి 4.65. గంటకి 11 మి.లీ. చాలు, రోజంతా కలిపినా 270 దాటదు. ఇంత చిక్కటిది చేతి సిరలోకి పెట్టకూడదు. అదే లైనులో బైకార్బనేట్, ఫాస్ఫేట్, యాంటీబయాటిక్ సెఫ్ట్రయాక్సోన్ వెళ్తే గడ్డకట్టి అవక్షేపం ఏర్పడుతుంది. ఆయాసంతో వచ్చినవాళ్లకి న్యుమోనియా అనుమానంతో సెఫ్ట్రయాక్సోన్ అప్పటికే మొదలై ఉండటం మామూలే కాబట్టి చార్ట్ తిరగేసి చూడాలి. వాంతికి ఒండాన్‌సెట్రాన్, దగ్గుకి అజిత్రోమైసిన్ లాంటి క్యూటీ సాగదీసే మందులు ఆపేయాలి. డిగాక్సిన్ జోలికి పోకూడదు. కాల్షియం తక్కువున్నప్పుడు అది పనిచేయదు, కాల్షియం ఎక్కుతున్నకొద్దీ అదే డోసు విషమవుతుంది. సోడియం పంపుని ఆపి, ఎక్స్ఛేంజర్ ద్వారా కణంలో కాల్షియం పెంచడమే డిగాక్సిన్ పని మరి.

అయనైజ్డ్ కాల్షియాన్ని మొదట రెండు గంటలకి, తర్వాత నాలుగేసి గంటలకి చూశారు. బోలస్ తర్వాత 0.78, 24 గంటలకి 0.92. బీపీ 104/66కి వచ్చింది, అంతకుముందు కదలని మూత్రం అదే ఫ్యూరోసమైడ్ డోసుకి పారింది, 36 గంటలకి డోబుటమిన్ తీసేశారు. 48 గంటలకి 1.02.

అంకె బాగుందని అక్కడ డ్రిప్పు ఆపేశారు. మర్నాడు పొద్దున 0.84, ఎస్‌టీ మళ్లీ సాగింది. ఇది ఎక్కువగా జరిగే పొరపాటే. నోటి మందు పట్టు దొరక్కముందే డ్రిప్పు తీసేస్తే జారిపోతుంది, పీటీహెచ్ లేని ఒంట్లో కాల్షియాన్ని నిలబెట్టేవాళ్లు లేరు. డ్రిప్పు సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టి, నోటి మందుల మీద స్థిరపడ్డాక రెండు రోజుల్లో మెల్లగా దించారు.

నోటి మందుల్లో ముఖ్యమైనది కాల్సిట్రయాల్ (నేరుగా పనిచేసే రూపంలోని విటమిన్ డి), 0.5 మైక్రోగ్రాము రోజుకి రెండుసార్లు. 60,000 యూనిట్ల పొట్లం ఎందుకు సరిపోలేదన్నదానికి జవాబూ ఇదే. ఆ విటమిన్ డి పనిచేయాలంటే కిడ్నీలో చివరి మార్పు జరగాలి, ఆ మార్పుకి పీటీహెచ్ ఆజ్ఞ కావాలి. అది లేనప్పుడు తయారైన రూపాన్నే ఇవ్వాలి. కాల్షియం కార్బనేట్ 1,250 మి.గ్రా. (అసలు కాల్షియం 500) రోజుకి మూడుసార్లు అన్నంతో పాటే. అన్నంతో వేసుకుంటే ఆహారంలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే కట్టేస్తుంది. కార్బనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ ఆపడానికి అదీ ఒక కారణం. ఆపడం కుదరనివాళ్లకి సిట్రేట్ రాయాలి. మెగ్నీషియం 2.0 దాటాక పీటీహెచ్ మళ్లీ కొలిస్తే 5 మాత్రమే వచ్చింది. లోపం మెగ్నీషియం వల్ల వచ్చిన తాత్కాలికమైనది కాదని అప్పుడే తేలింది. ఫెనిటోయిన్ బదులు న్యూరాలజిస్ట్ లెవెటిరాసెటమ్‌కి మార్చారు.

తొందరపడి కాల్షియాన్ని పూర్తి నార్మల్‌కి తేవడానికి ప్రయత్నించకూడదు. ఫాస్ఫరస్ 7లో ఉండగా కాల్షియం 8.2కి తెస్తే రెండింటి లబ్ధం 57 అవుతుంది. 55 దాటితే కిడ్నీలో, మెదడులో ఇంకా సున్నం పేరుకునే ప్రమాదం. లక్ష్యం 8 నుంచి 8.5, అంతే. "పాలు బాగా తాగండమ్మా" అన్న సలహా కూడా ఇక్కడ సరికాదు. పాలలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా దండిగా ఉంటుంది.

కోలుకున్న తీరు

ఐదో రోజుకి అయనైజ్డ్ 1.10, సవరించిన క్యూటీ (క్యూటీసీ) 455. ఆరో రోజు ఎకోలో ఈఎఫ్ 33 శాతం. పదకొండో రోజు ఇంటికి పంపేటప్పుడు మొత్తం కాల్షియం 8.1. ఆరు వారాలకి ఈఎఫ్ 44, నాలుగు నెలలకి 56, జఠరిక 50 మిల్లీమీటర్లకి కుంచించింది. యాంజియోలో రక్తనాళాల్లో అడ్డం లేదు.

రక్తంలో కాల్షియం వారంలో సరైతే ఈఎఫ్‌కి నెలలెందుకు పట్టింది? మొదటి రోజుల్లో వచ్చిన మెరుగు ట్రోపోనిన్ దగ్గరిది. గోదాం నిండింది, విడుదల పెరిగింది, బలం వచ్చింది. ఏళ్లుగా ఉబ్బిన జఠరిక ఆకారం, కణాల్లో తగ్గిన ప్రొటీన్లు అంత వేగంగా తిరిగి రావు. పంపులు, ఛానళ్లు కొత్తగా తయారవ్వాలి. టీఎస్‌హెచ్ 9.8 కూడా కొంత భారం మోపింది, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే సెర్కా తయారీ తగ్గుతుంది. ఆమె థైరాక్సిన్ మానకపోయినా పనిచేయకుండా చేసే ఇంకో తప్పు ఇంట్లో జరిగే వీలుంది. థైరాక్సిన్‌తో కలిపి కాల్షియం మింగితే పేగులో రెండూ అతుక్కుపోతాయి. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్, కాల్షియం మొదటి మాత్ర కనీసం నాలుగు గంటల తర్వాత మధ్యాహ్నం అన్నంతో. టిఫిన్‌తో వద్దు అని చీటీలో స్పష్టంగా రాయాలి.

బీపీ నిలబడ్డాక గుండె భారం తగ్గించే ఎనాలప్రిల్ 2.5 మి.గ్రా. రెండు పూటలా, తర్వాత మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 మొదలయ్యాయి. ఈఎఫ్ నార్మల్ అయ్యాక వీటిని ఆపొచ్చా అన్నది తెగని సంగతి. డైలేటెడ్ కార్డియోమయోపతీ (గుండె ఉబ్బి బలహీనపడే జబ్బు) నుంచి కోలుకున్నవాళ్లకి మందులు ఆపి చూసిన ట్రెడ్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనంలో ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఆరు నెలల్లో మళ్లీ వచ్చింది. అయితే వాళ్లకి తీసేయగల కారణం లేదు, ఈమెకుంది. అయినా కాల్షియం కనీసం ఏడాది పాటు జారకుండా ఉందని తేలేదాకా ఆపకపోవడమే మంచిది. ఆమె మాత్రలు మళ్లీ మానేస్తే గుండెకి ఆ మందులైనా రక్షణగా ఉంటాయి.

పసిపిల్లల విషయం ఒక మాట. వాళ్ల గుండె కణాల్లో టీ-ట్యూబ్యూల్స్, గోదాం ఇంకా పూర్తిగా ఎదగవు, సంకోచానికి బయటి కాల్షియం మీదే ఎక్కువగా ఆధారపడతారు. ఇంగ్లండ్ ఆగ్నేయ ప్రాంతంలో విటమిన్ డి లోపం, కాల్షియం లోపంతో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ వచ్చిన 16 మంది శిశువుల వివరాలు 2008లో ప్రచురితమయ్యాయి. వారిలో ముగ్గురు చనిపోయారు. గుండె ఉబ్బిన శిశువుని చూస్తే వైరస్ అనే ముందు కాల్షియం, తల్లి విటమిన్ డి చూడాలి.

మళ్లీ ఈమె దగ్గరికి వస్తే, నాలుగో నెలలో 24 గంటల మూత్రంలో కాల్షియం 340 మి.గ్రా. వచ్చింది, ఆడవాళ్లకి 250 దాటకూడదు. రక్తంలో కాల్షియం 8.6. పీటీహెచ్ లేని కిడ్నీ కాల్షియాన్ని వెనక్కి లాగలేదు కాబట్టి రక్తంలో నార్మల్‌గా ఉన్నా మూత్రంలో పొంగిపోతుంది, రాళ్లు కడతాయి. కాల్సిట్రయాల్‌ని 0.25కి తగ్గించి, ఉప్పు తగ్గించమని చెప్పి, ఫ్యూరోసమైడ్ పూర్తిగా తీసేసి హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. పెట్టారు. ఇది మూత్రంలో కాల్షియాన్ని తగ్గిస్తుంది, కానీ పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ పోగొడుతుంది. అందుకే రెండు వారాలకి రాసే పరీక్షల చీటీలో కాల్షియం, అల్బుమిన్, ఫాస్ఫరస్, క్రియాటినిన్‌తో పాటు ఆ రెండూ ఉండాలి, ఈసీజీ కూడా.